దున్నువాని కందని సాహాయ్యము

రైతునకు ప్రభుత్వము తోడ్పడవలెనా యను ప్రశ్న మన దేశమున నేడెవ్వరును వేయుట లేదు. ఎంత తోడ్పడవలెను, ఏ రూపమున తోడ్పడవలెను అను విషయములనే రాజకీయ పక్షములు వాదించుకొనుచున్నవి. ఒకరు ఎకరమున కింత యనగా, మఱియొకరు అంతకు హెచ్చు మొత్తమును వాగ్దానము చేయుచున్నారు. ఈ పోటీవలన రైతునకు కొంత మేలే జరిగినది. కాని యీ కోలాహలములో నొక చిన్న ప్రశ్న వినబడకపోవుచున్నది. రైతనగా నెవడు? పొలము ఎవని పేర నున్నదో వాడా, పొలములోనికి దిగి పంట పండించువాడా? ఇద్దఱు నొక్కరే యైనచోట ఈ ప్రశ్నతో పని లేదు. ఇద్దఱును వేఱైనచోట మాత్రము దీని సమాధానముమీదనే యొక కుటుంబపు అన్నము ఆధారపడియున్నది.

ఇట్టి చోట్లు మన నాట తక్కువ కావు. 2018-19 వ్యవసాయ సంవత్సరమును గూర్చి జరిగిన జాతీయ నమూనా పరిశీలన ననుసరించి దేశమందలి సాగు కమతములలో నూటికి సుమారు 17 కౌలు కమతములు. ఆంధ్రప్రదేశమున నీ లెక్క నూటికి 40 దాటినది. రాష్ట్రములలో నిది ముందు నిలిచినది. నోటిమాటమీద జరుగు కౌలు ఏ లెక్కకును పూర్తిగ చిక్కదు గావున నిజమైన సంఖ్య ఇంతకు హెచ్చే యుండును గాని తక్కువ యుండదు. గోదావరి, కృష్ణా డెల్టాల వరిచేలలోను, గుంటూరు సీమ మిరపతోటలలోను, ఓరుగల్లు, ఖమ్మము ప్రాంతపు ప్రత్తిచేలలోను చేతికి మట్టి యంటినవాని పేరు వేఱు, పాసుపుస్తకములోని పేరు వేఱుగ నుండుట గ్రామము లెఱిగినవారి కెల్ల తెలిసినదే. ప్రభుత్వ సాహాయ్యము ఈ రెండు పేర్లలో దేనిని వెదకికొని పోవుచున్నదో విచారించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

పట్టా పుట్టిన విధము

పట్టాను జూచి రైతును గుర్తించు నలవాటు నేటిది కాదు. పందొమ్మిదవ శతాబ్ది యారంభమున సర్ తామస్ మన్రో మొదలగువారు మదరాసు రాజధానిలో రైత్వారీ పద్ధతిని నెలకొల్పినప్పుడు, నడుమ జమీందారు లేకుండ రైతుతోనే నేరుగ లెక్క చూచుకొనుటకు సర్కారు నిశ్చయించెను. ఆ లెక్క శిస్తు లెక్క. పొలమునకు శిస్తు చెల్లించు పూచీ యెవనిదో వాని పేర పట్టా వ్రాయబడినది. ఆ పట్టాదారు స్వయముగ మేడి పట్టెనా, మఱియొకనిచే పట్టించెనా యను విచారము శిస్తు వసూలున కవసరము లేదు. కావున సర్కారు నిఘంటువులో రైతు అను మాటకు శిస్తు కట్టువాడను నర్థమే స్థిరపడినది. బావులకును, విత్తనములకును, ఎద్దులకును తకావీ అప్పు లిచ్చుటకు 1883, 1884 సంవత్సరములలో శాసనములు వచ్చినవి. హామీగ జూపుటకు భూమి లేనివానికి ఆ యప్పు పుట్టుట కష్టముగనే యుండెను.

జమీందారీలలోని రైతుల స్థితిని విచారించుటకు టంగుటూరి ప్రకాశము పంతులుగారి యధ్యక్షతను ఏర్పడిన సంఘము 1938లో నివేదికను సమర్పించెను. భూమి జమీందారుది కాదు, రైతుదే యని యా సంఘము తేల్చినది. 1948లో ఎస్టేటుల రద్దు శాసనము వచ్చినది. జమీందారు తొలగెను, రైతు పట్టాదారు డయ్యెను. అంతవఱకు న్యాయమే జరిగినది. తరువాతి తరములలో పట్టాదారుల బిడ్డలు చదువుకొని యుద్యోగములకును, వ్యాపారములకును, పట్టణములకును, సముద్రములు దాటి పరదేశములకును పోయిరి. పట్టాలో పేరు మాఱలేదు. పొలములో మనిషి మాఱెను.

1956 నాటి ఆంధ్ర ప్రాంతపు కౌలుదారీ శాసనము కౌలు గడువు ఆఱేండ్లకు తగ్గరాదని విధించినది. కౌలుదారునకు స్థిరత్వము కలిగించుటయే దాని యుద్దేశము. కాని యా నిబంధనకు వెఱచి పలువురు యజమానులు కాగితము వ్రాయుటయే మానుకొనిరి. నోటిమాటతో సరిపెట్టుట, ఏటేట కౌలుదారును మార్చుట ఆచారమైనది. రక్షింపవచ్చిన శాసనమే తుదకు కౌలుదారుని లెక్కలలో కనబడకుండ చేసినది.

సాహాయ్యము నడచిన త్రోవ

స్వరాజ్యము వచ్చిన పిదప ప్రభుత్వము రైతునుండి తీసికొనుట తగ్గించి, రైతున కిచ్చుట హెచ్చించినది. 1965లో వ్యవసాయ ధరల సంఘమును, భారత ఆహార సంస్థయు నేర్పడినవి. పంటలకు కనీసపు మద్దతు ధర ప్రకటించుటయు, ఆ ధరకు ధాన్యము కొనుటయు నాటి యేర్పాటునుండి పెరిగినవే. 1998లో కిసాన్ క్రెడిట్ కార్డులు వచ్చినవి. 2016లో ప్రధానమంత్రి ఫసల్ బీమా వచ్చినది. ధర, ఋణము, బీమా యను నీ మూడు రూపములకు తోడు 2018 మే 10వ తేదీన తెలంగాణ ప్రభుత్వము నాల్గవ రూపమును చేర్చినది. రైతుబంధు పేర పంటకాలమునకు ఎకరమునకు 4,000 రూపాయల చొప్పున పెట్టుబడి ధనము నిచ్చుటకు పూనుకొన్నది. 2019లో నా మొత్తము 5,000 ఆయెను. 2025 జనవరి 26వ తేదీనుండి రైతు భరోసా యను పేరుతో 6,000 ఆయెను. కేంద్ర ప్రభుత్వము 2019 ఫిబ్రవరిలో పి.ఎం. కిసాన్ పథకమును ప్రారంభించి కుటుంబమునకు ఏటికి మూడు విడతలుగ 6,000 రూపాయల నిచ్చుచున్నది. ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరులో రైతు భరోసాయు, 2025 ఆగస్టులో అన్నదాతా సుఖీభవయు ప్రారంభమైనవి.

పెట్టుబడి లేక వడ్డీ వ్యాపారి గడప త్రొక్కు రైతునకు విత్తుల వేళకు చేతికి డబ్బు వచ్చుట గొప్ప మేలు. దానిని మేము తక్కువ చేయము. కాని రైతుబంధు పట్టాదారు పాసుపుస్తకమును జూచినది, పి.ఎం. కిసాన్ భూమి యాజమాన్యపు రికార్డును జూచినది. ఈ రెంటిలోను కౌలుదారునకు చోటు లేకపోయెను. రైతుబంధునకు ఎకరముల పరిమితియు లేకుండెను. ఇరువది ఎకరములు కౌలున కిచ్చి నగరమున నివసించు యజమానికి, ఎకరమునకు 5,000 చొప్పున, ఒక్క పంటకాలమునకే లక్ష రూపాయలు ముట్టును. ఆ ఇరువది ఎకరములను పంచుకొని దున్నిన నలుగురు కౌలుదారులకు ఒక్క రూపాయియు ముట్టదు. సాగు పెట్టుబడి కని యిచ్చిన సొమ్ము సాగు చేయనివానికి చేరినచో దానిని పెట్టుబడి సాయమని యెట్లనగలము?

ఆంధ్రప్రదేశమున 2019 నాటి పథకము భూమిలేని ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన, మైనారిటీ తరగతుల కౌలుదారులను గూడ చేర్చినది. అది మెచ్చదగిన పని. ఐనను అందులకు సాగుదారు హక్కు పత్రము కావలెను. ఆ పత్రమును కలిగించిన 2019 నాటి పంట సాగుదారుల హక్కుల శాసనము పదునొకండు నెలలకు మించని ఒప్పందమును, దానిపై యజమాని సంతకమును కోరినది. సంతకము దొరకినవానికి పత్రము; దొరకనివానికి లేదు. దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడన్న సామెత యిచట యథార్థమైనది.

మద్దతు ధరలో కౌలు లెక్క

ధర విషయమున నిట్టి లోపము లేదు గదా, ఎవరు పండించినను ధాన్యమునకు ధర యొక్కటియే గదా యని కొంద ఱనవచ్చును. పైకి జూడ నది నిజమే. లోపలి లెక్కను విప్పి చూడవలెను. సేద్యపు ఖర్చును ధరల సంఘమువారు పలు విధములుగ గట్టుదురు. విత్తనము, ఎరువు, కూలి, యంత్రముల బాడుగ మొదలుగ రైతు చేతినుండి కదలిన ఖర్చు ఏ-2 అనబడును. దానికి ఇంటివారి శ్రమ విలువను చేర్చినది రెండవ లెక్క. సొంత భూమికి రాదగిన కౌలు విలువను, పెట్టుబడిమీది వడ్డీని గూడ చేర్చినది సి-2 అను సమగ్ర వ్యయము. 2004లో నేర్పడి 2006 వఱకు పనిచేసిన స్వామినాథన్‌గారి జాతీయ రైతు సంఘము ఖర్చుమీద కనీసము సగము హెచ్చుగ ధర నిర్ణయింపవలెనని సిఫారసు చేసెను. 2018-19 నుండి కేంద్ర ప్రభుత్వము ఖర్చునకు ఒకటిన్నర రెట్లు ధర యిచ్చుచున్నామని చెప్పుచున్నది. అది పై రెండవ లెక్క ప్రకారము. 2025-26 పంటకాలమునకు సాధారణ రకపు వరి ఖర్చు క్వింటాలునకు 1,579 రూపాయలనియు, మద్దతు ధర 2,369 రూపాయలనియు ప్రకటింపబడినది.

కౌలుదారు చెల్లించిన కౌలు ఏ-2లో చేరునన్న మాట వాస్తవమే. కాని యా సంఖ్య సొంత భూమి గలవారిని, కౌలువారిని కలిపి తీసిన సగటు. కౌలు చెల్లించు పని లేనివారు పలువురగుటచేత కౌలు భారము సగటులో పలుచబడిపోవును. ఒక్క కౌలుదారుని లెక్క విడిగ తీసినచో వాని ఖర్చు సి-2కే దగ్గరగ నుండును. అనగా, ఖర్చుమీద సగము లాభమని చెప్పబడు ధరలో భూమి గలవానికి దక్కు లాభము కౌలుదారునకు దక్కదు.

ఉదాహరణమునకు డెల్టాలో నొక యెకరమును తీసికొందము. డెబ్బదియైదు కిలోల బస్తాలు ముప్పది పండినవనియు, అందు పదునాలుగు కౌలునకు పోయిన వనియు ననుకొందము. ముప్పది బస్తాల విలువ మద్దతు ధరకు సుమారు 53,300 రూపాయలు. కౌలుబస్తాల విలువ సుమారు 24,900. మిగిలిన పదునాఱు బస్తాలకు సుమారు 28,400 రూపాయలు. దమ్ము, నారు, నాటు, కలుపు, ఎరువు, పురుగుమందు, కోత, నూర్పు - ఇవి యన్నియు నీ 28,400లోనే తీరవలెను. ఆలుమగల కాయకష్టమునకు కూలియు నందులోనే రావలెను. ముందుగ కుదిరిన కౌలు పంట తగ్గినంత మాత్రమున తగ్గదు. పంట ఇరువది బస్తాలకు దిగినచో యజమానికి పదునాలుగును, దున్నినవానికి ఆఱును మిగులును.

2011లో కోనసీమ రైతులు ఖర్చులకు ధర చాలక సార్వా పంటనే మానుకొని పంట విరామము ప్రకటించిన సంగతి చదువరులకు జ్ఞాపకముండును. దానిని విచారించుటకు ప్రభుత్వము మోహన్ కందాగారి యధ్యక్షతను సంఘము వేయవలసివచ్చెను. కాలువ నీరు పాఱు సీమలో, సొంత భూములు గలవారికే గిట్టుబాటు కాని సేద్యము కౌలు చెల్లించువానికి గిట్టుబాటగుట యెట్లో ఆలోచింపవలసి యున్నది.

కళ్లమునొద్ద, బ్యాంకునొద్ద

మద్దతు ధర ప్రకటింపబడుట యొక యెత్తు, అది చేతికి వచ్చుట యొక యెత్తు. 2015లో శాంతకుమార్ సంఘము దేశమున నూటికి ఆర్గురు రైతులు మాత్రమే మద్దతు ధరకు ప్రభుత్వ సంస్థలకు అమ్మగలుగుచున్నారని వ్రాసినది. కొనుగోలు కేంద్రమున పొలము వివరములను సరిచూచి, సొమ్మును బ్యాంకు ఖాతాకు పంపుదురు. దళారుల నరికట్టుటకు నిది మంచి యేర్పాటే. కాని తన పేర పంట నమోదు కాని కౌలుదారు యజమాని పేర ధాన్యము తోలి, యజమాని ఖాతానుండి డబ్బు వచ్చువఱకు కనిపెట్టుకొని యుండవలెను. కానిచో కళ్లములోనే వ్యాపారి చెప్పిన ధరకు కొలిచి యీయవలెను. బస్తాకు రెండువందలు తగ్గినదనుకొన్నను పై లెక్కలోని పదునాఱు బస్తాలమీద 3,200 రూపాయల నష్టము. ఎరువుల దుకాణమున అరువు తెచ్చి, ఆ వ్యాపారికే ధాన్యము పోయు నొప్పందముండినచో బేరమాడుటకు నోరును లేదు.

అప్పు సంగతియు నింతే. మూడు లక్షల వఱకు పంట ఋణమును నూటికి ఏడు వడ్డీకి ఇప్పించి, గడువులోపల చెల్లించినవానికి అందు మూడు తగ్గించు వడ్డీ రాయితీ మన దేశమున నున్నది. నూటికి నాలుగు వడ్డీ యన్నమాట. కౌలుదారునకు ఊరిలో పుట్టు అప్పు నెలకు నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీది. అనగా సంవత్సరమునకు ఇరువదినాలుగు, ముప్పదియాఱు. ఒకే చేలో, ఒకే పంటకు, యజమాని పెట్టుబడి నాలుగు వడ్డీది, కౌలుదారు పెట్టుబడి ముప్పదియాఱు వడ్డీది. 2008లో కేంద్రమును, 2014లో రెండు తెలుగు రాష్ట్రములును, 2024లో తెలంగాణమును ఋణమాఫీలు ప్రకటించినవి. మాఫీ యైనవి బ్యాంకు అప్పులు. బ్యాంకు గడప దాటలేనివానికి మాఫీతో పని యేమి? సేద్యము చేయక పొలముమీద పంట ఋణము తీసికొన్నవానికి మాఫీ లభించినది. సేద్యము చేసి ప్రైవేటు అప్పులో మునిగినవానికి లభింపలేదు.

ఆపద వచ్చినప్పుడు

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. కోతకు వచ్చిన వరి నేల కొఱిగినది. కోసిన పనలు నీట నానినవి. అట్టి వేళల ప్రభుత్వమిచ్చు పంట నష్టపు సాయము నమోదైన పేరునకు చేరును. నమోదులో సాగుదారు పేరున్నచో వానికి చేరును. పట్టాదారు పేరే యున్నచో, పంట నష్టము ఒకనిది, పరిహారము మఱియొకనిది యగును. బీమా నిబంధనలలో కౌలుదారులును పాలుదారులును అర్హులే యని వ్రాసియున్నది. ఆ యర్హతను ఋజువుపఱచు కాగితమే వారి చేతిలో లేదు.

ఇంతకన్న బాధాకరమైన విషయ మొకటి కలదు. తెలంగాణమున 2018 ఆగస్టులో ప్రారంభమైన రైతుబీమా పదునెనిమిది మొదలు యేబదితొమ్మిది యేండ్లలోపు పట్టాదారు రైతు ఏ కారణముచేత మరణించినను కుటుంబమునకు అయిదు లక్షల రూపాయలు చెల్లించు పథకము. ఇది యెన్నో కుటుంబములను నిలబెట్టినది. కాని యిందులకును పాసుపుస్తకమే యాధారము. అప్పులపాలై ప్రాణము తీసికొన్నవాడు కౌలుదారు డైనచో, వాని భార్యకు ఆ బీమా లేదు. బ్రతికినన్నాళ్లు రైతుగ నొప్పుకొననివానిని చనిపోయిన తరువాతనైన నొప్పుకొనలేదు.

యజమాని మాట

ఇచట యజమాని పక్షమును గూడ వినుట న్యాయము. కౌలున కిచ్చువారందఱు గొప్ప భూస్వాములు కారు. ఎకరమో, రెండెకరములో కలిగి, భర్త పోయి, దున్నించుకొన శక్తి లేని స్త్రీ యుండును. కొద్ది జీతముతో పట్టణమున కాలము గడుపు గుమాస్తా యుండును. వారికి కౌలుబస్తాలే యాధారము. వారి భయములు రెండు. కాగితముమీద సంతకము పెట్టినచో నేటి కౌలుదారు రేపు భూమిమీద హక్కు చెప్పునేమో యను నది మొదటిది. కౌలుదారు ఆ సర్వే నంబరుమీద పంట ఋణము తీసికొన్నచో తమకు బ్యాంకు ఋణము పుట్టదను నది రెండవది. పట్టాదారుగ తమకు వచ్చు సాయము పోవునను నాలోచనయు నీ మధ్య తోడైనది. మొదటి భయము తీర్చుట ప్రభుత్వముయొక్క విధి. రెండవది బ్యాంకుల పద్ధతిని సరిదిద్దుటవలన తీఱును. మూడవదానికి మాత్రము మేము సమ్మతింపజాలము. పెట్టుబడి సాయము పెట్టుబడి పెట్టినవానిది. కౌలు తీసికొన్నవాడు ఆ సాయమును గూడ తీసికొనుట ఒక పొలముమీద రెండు కౌళ్లు పుచ్చుకొనుటయే.

ఇతరుల యనుభవము

ఈ చిక్కు మనకే వచ్చినది కాదు. 1933 మే నెలలో అమెరికా సంయుక్త రాష్ట్రములలో రూజ్వెల్టు ప్రభుత్వము వ్యవసాయ సర్దుబాటు శాసనమును చేసినది. ప్రత్తి ధర పడిపోగా, పంట విస్తీర్ణము తగ్గించినవారికి ధనమిచ్చి ధరను నిలబెట్టుట దాని పద్ధతి. ఆ వేసవిలో సుమారు కోటి ఎకరముల ప్రత్తిని దున్నివేసిరి. సొమ్ము భూస్వాముల చేతి కిచ్చి, పాలుదారుల వంతు వారే పంచవలె ననిరి. దక్షిణ రాష్ట్రములలో ననేకులు పంచలేదు. సరిగదా, విస్తీర్ణము తగ్గినది గావున మనుష్యులతో పని లేదని పాలుదారుల కుటుంబములను వెడలగొట్టిరి. 1934 జూలైలో ఆర్కన్సా రాష్ట్రములోని టైరొంజా గ్రామమున నల్లవారును తెల్లవారును కలిసి దక్షిణ కౌలురైతుల సంఘమును స్థాపించుకొనవలసి వచ్చెను. కౌలుదారులను పొలమునుండి తొలగింపరాదని వాదించిన ప్రభుత్వోద్యోగులు 1935 ఫిబ్రవరిలో తమ యుద్యోగములనే పోగొట్టుకొనిరి. రైతును రక్షింప బయలుదేరిన ధనము దున్నువానిని పొలమునుండి తఱిమిన యీ చరిత్ర మనకు హెచ్చరిక కావలెను.

మంచి యుదాహరణమును మన దేశముననే కలదు. పశ్చిమ వంగమున 1978లో ఆపరేషన్ బర్గా ప్రారంభమైనది. అంతకుముందే శాసనమును సవరించి, ఒకడు పాలుదారు కాడని ఋజువు చేయు భారమును భూస్వామిమీద నుంచిరి. రెవిన్యూ ఉద్యోగులు కచేరీలో కూర్చుండక, గ్రామములకు పోయి పాలుదారులను సమావేశపఱచి, వారి మాట విని, ఎవరి పేరు ఏ చేనికి చెందునో పదుగురి యెదుట వ్రాసికొనిరి. పాలుదారు పేరు వ్రాయుటకు యజమాని యనుగ్రహముతో నిమిత్తము లేకపోయెను. కొన్నియేండ్లలో పదునాలుగు లక్షలకు పైగ పేర్లు నమోదైనవి. అచట పాలుదారునకు వంశపారంపర్యపు సాగుహక్కు గూడ లభించినది. అంతటి హక్కు మన యజమానులకు భయకారణము కావచ్చును. అది వేఱు చర్చ. పేరు వ్రాసిన పద్ధతి మాత్రము మనకు తప్పక గ్రహింపదగినది.

చేయదగిన పనులు

మనకు శాసనములు లేకపోలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రమున అధీకృత సాగుదారుల శాసనము వచ్చి, కౌలుదారులకు ఋణ అర్హత కార్డు లిచ్చుటకు మొదటిసారి వీలు కల్పించినది. ఆ కార్డు భూమిపై హక్కు నీయదని శాసనమే చెప్పినది. రాష్ట్రము విడిపోయిన పిదప తెలంగాణమున నది మూలబడినది. పూర్వము పహాణీలో అనుభవదారు అను గడి యుండెడిది. ఎవడు సాగు చేయుచున్నాడో అందు వ్రాయుదురు. 2017 తరువాతి భూరికార్డుల సవరణలో, ధరణి వచ్చునప్పటికి, ఆ గడిని తొలగించిరి. 2025 ఏప్రిలులో ధరణి స్థానమున భూభారతి వచ్చినది. రికార్డు పేరు మాఱుట కౌలుదారునకు ముఖ్యము కాదు. అందు తన పేరు పడుట ముఖ్యము.

మా సూచనలు క్లుప్తముగ నివి. మొదటిది: ప్రతి పంటకాలమున గ్రామములోనే, పదుగురి యెదుట, సాగుదారుల పేర్లు నమోదు చేయవలెను. యజమానికి తెలియజేసి, ఆక్షేపణ కవకాశ మీయవలెను. సంతకమును మాత్రము షరతుగ నుంచరాదు. ఆంధ్రప్రదేశమున జరుగు ఈ-పంట నమోదు ఇందులకు సిద్ధముగ నున్న సాధనము. రెండవది: ఆ నమోదు ఏ కోర్టులోను భూస్వామ్యమునకు సాక్ష్యము కాదని శాసనమున స్పష్టముగ వ్రాయవలెను. భూమి యజమానికే చెందును. ఆ కాలపు పంటయు, పంట సాయమును మాత్రము సాగుదారునకు చెందును. మూడవది: పెట్టుబడి సాయము, పంట బీమా, తుపాను పరిహారము, కొనుగోలు సొమ్ము - ఈ నాలుగును ఆ నమోదులోని పేరునకే పోవలెను. నాల్గవది: బ్యాంకులు పంటను జూచి ఋణ మీయవలెను, యజమానికి భూమిమీద నుండు ఋణావకాశమును దానితో ముడిపెట్టరాదు. అయిదవది: రైతుబీమాలో సాగుదారులను తక్షణమే చేర్చవలెను. చివరిది: మద్దతు ధర నిర్ణయించునప్పుడు కౌలుసాగు ఖర్చును విడిగ లెక్కించి ప్రజల యెదుట పెట్టవలెను.

ఇందులకు క్రొత్త ధనము చాల కావలెనని కొందఱు భయపడుదురు. కాని పై సూచనలలో పెక్కింటికి ఇప్పుడు వ్యయమగుచున్న ధనమే చాలును. అది చేరు చేయి మాత్రము మాఱవలెను. ధనములేమికన్న ధైర్యలేమియే యిచట పెద్ద యడ్డంకి. పట్టాదారులకు ఊరిలో పలుకుబడి కలదు. పక్షములలో వారి బంధువులు కలరు. కౌలుదారు ఏటేట చేను మార్చువాడు. వాని సంఖ్య పెద్దది, వాని గొంతు చిన్నది. రాజకీయ నాయకులు ఎన్నికలముందు కౌలుదారుని దలచుటయు, పథకపు నిబంధనలు వ్రాయు వేళ మఱచుటయు ఇందువలననే.

రైతే దేశమునకు వెన్నెముక యని ప్రతి సభలోను వినుచున్నాము. ఆ మాట నిజమని నమ్మువారు ఏరువాక నాడు ఏదో యొక యూరి పొలిమేరకు పోయి నిలువవలెను. చేలో దిగినవానిని పిలిచి, ఈ చేనికి వచ్చిన సర్కారు సొమ్ము నీకు ముట్టినదా యని యడుగవలెను. అతడు లేదని తలయూపినంతకాలము, ఆ సొమ్మును మనము రైతు సాహాయ్యమని పిలుచుకొనుట ఆత్మవంచన మాత్రమే.